అందరిలో ఉండే వైరస్.. కొందరికే క్యాన్సర్ ఎందుకు?

ముక్కు వెనక, గొంతు పైభాగంలో వచ్చే నేసోఫారింజియల్ క్యాన్సర్ చాలాచోట్ల అరుదు. దక్షిణ చైనాలో మాత్రం ఎక్కువ. మన దేశంలోనైతే నాగాలాండ్‌లో.

దీనికి కారణమయ్యే ఎప్‌స్టీన్-బార్ వైరస్ పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లోనూ ఉంటుంది. మరి తేడా ఎక్కడ? కొంతవరకు 6వ క్రోమోజోమ్‌పై ఉండే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో. వైరస్ సోకిన కణాన్ని రోగనిరోధక వ్యవస్థకు పట్టించే ప్రొటీన్లు వీటి నుంచే తయారవుతాయి. దక్షిణ చైనీయుల్లో ఏ11 రకం ఉన్నవారికి ముప్పు తక్కువని తేలింది. చిన్నప్పటి నుంచి ఉప్పు చేపలు తినడమూ ముప్పు పెంచేదే.

అలాగని హెచ్‌ఎల్‌ఏ టెస్టుకు పరుగెత్తక్కర్లేదు. ముప్పున్న రకం ఉన్నా చాలామందికి ఈ జబ్బు రాదు. మెడలో నొప్పిలేని గడ్డ, ఒకవైపే చెవి దిబ్బడ, ముక్కులోంచి రక్తం.. ఇవి తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.