స్థిరాదాయమునందు ఎంత సొమ్ము ఉంచవలెను?

మరమగ్గములు అమ్మి కార్ఖానా మూసినవారు మన షోలాపూరులోను, భివండిలోను అనేకులు కలరు. చేతికి వచ్చిన సొమ్ములో బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు పత్రములు మొదలగు స్థిరాదాయములందు ఎంత ఉంచవలెను, కంపెనీ వాటాలలోగాని మ్యూచువల్ ఫండులలోగాని ఎంత పెట్టవచ్చును అన్నది వారికి వెంటనే వచ్చు ప్రశ్న.

వయస్సు ఎంతయో నూటికి అంత స్థిరాదాయమునందు ఉండవలెనను లెక్క ఒకటి వాడుకలో నున్నది. గుర్తుంచుకొనుటకు సుళువే గాని, అది మన యింటి ఖర్చు ఎరుగని లెక్క. అరువది ఏండ్ల యిద్దరిని తీసికొందము. ఒక్కొక్కరివద్ద 30 లక్షల రూపాయలున్నవి. మొదటివానికి వేరు రాబడి లేదు. నెలకు 22,000 కావలెను. రెండేండ్లలో కుమార్తె పెండ్లికి 4 లక్షలు. ఏడేండ్ల ఖర్చు 18,48,000, పెండ్లితో కలిపి 22,48,000. అనగా నాలుగింట మూడుపాళ్లు కదలని చోట ఉండవలెను. రెండవవానికి షెడ్డు అద్దె వచ్చును, కొడుకు కొంత యిచ్చును. తక్కువబడునది నెలకు 6,000 మాత్రమే. అతనికి ఏడేండ్లకు 5,04,000 చాలును. వయస్సు ఒక్కటే, లెక్కలు వేరు.

ఏడేండ్లు ఎందుకందురా? 2008 జనవరిలో 21,000 దాటిన బొంబాయి సెన్సెక్సు ఆ అక్టోబరులోనే 9,000కు దిగువకు పడినది. మరల 21,000 చూచుటకు 2010 నవంబరు వరకు పట్టినది. నడుమ ఇంటి ఖర్చుకు వాటాలు అమ్మిన వారికి ఆ నష్టము నిలిచిపోయినది. మాది కొంత భయస్థుల లెక్కయే. రెండవవాడు కూడ మూడవవంతునకు తగ్గించరాదని మా అభిప్రాయము. పాతిక లక్షలు పన్నెండున్నర లక్షలైన దినమున ఎంతటివానికిని నిద్రపట్టదు.

అట్లని అంతయు డిపాజిట్లలోనే పెట్టరాదు. ధరలు ఏటికి నూటికి 6 చొప్పున పెరిగినచో పన్నెండేండ్లలో ఖర్చు రెట్టింపగును. పబ్లిక్ ప్రావిడెంటు ఫండుపై 1990లలో నూటికి 12 చొప్పున వడ్డీ వచ్చెడిది. 2020 ఏప్రిలులో అది 7.1కి దిగినది.

మగ్గములు ఇంకను నడుపుచున్నవారి సంగతి వేరు. నూలు ధర పెరిగిన నెలలో తువాళ్ల ఆర్డరు తగ్గును. వారి రాబడియే వాటాలవలె ఎగిరి పడుచుండును. ఒక సంవత్సరపు ఇంటిఖర్చు, మగ్గముల అప్పు వాయిదాలు స్థిరముగా నుంచిన పిమ్మటనే వాటాల మాట ఎత్తవలెను. నూటికి 12 చొప్పున వడ్డీ కట్టుచు 7 చొప్పున డిపాజిటు వేయుటకంటె ఆ అప్పు తీర్చుటయే లాభము.

వడ్డీ వచ్చుచున్నదిగదా యని దేనినైనను స్థిరాదాయమనరాదు. వ్యాపారికిచ్చిన చేబదులు స్థిరాదాయము కాదు. పతసంస్థలో వేసిన డిపాజిటుకు బ్యాంకు డిపాజిట్ల బీమా వర్తింపదు. సహకార బ్యాంకులో నైనను, 2020 ఫిబ్రవరి నుండి బీమా ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షలవరకే. ఒకే బ్యాంకు రెండు శాఖలలో వేసినను లెక్క ఒకటే. అరువది నిండినవారు పోస్టాఫీసులోని వృద్ధుల పొదుపు పథకమును ముందు చూడవలెను. మూడు మాసముల కొకసారి వడ్డీ చేతికి వచ్చును. 2023 ఏప్రిలులో దాని పరిమితిని 30 లక్షలకు పెంచిరి. అయిదేండ్ల గడువు గనుక పెండ్లి సొమ్ము మాత్రము అందులో వేయక, ముహూర్తమునకు ముందే చేతికందు రెండేండ్ల లోపు డిపాజిటులో విడిగా ఉంచవలెను.