అర్థమితి శాస్త్రంలో నూతన పరిశోధనల పఠనం: ‘భేదాల మధ్య భేదం’ పద్ధతి – ఒక పరిశీలన

అర్థమితి శాస్త్రంలో ఒక పత్రం ముసాయిదాగా వెలువడిన నాటికీ, పత్రికలో అచ్చయ్యే నాటికీ మధ్య ఏళ్ళు గడుస్తాయి. పాఠ్యగ్రంథంలో చేరడానికి మరింత కాలం పడుతుంది. అందువల్ల గ్రంథాన్నే నమ్ముకొన్న పరిశోధక విద్యార్థి, శాస్త్రం అప్పటికే సవరించుకొన్న పద్ధతిని శ్రద్ధగా అభ్యసించే ప్రమాదం ఉంది. ‘డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్’, అంటే ‘భేదాల మధ్య భేదం’ పద్ధతి ఇందుకు తగిన ఉదాహరణ.

1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పొరుగున ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండుచోట్ల ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలలోని ఉద్యోగాలను పెంపుకు ముందూ తరువాతా లెక్కించి, 1994లో ఫలితాలు ప్రచురించారు. న్యూజెర్సీ మార్పు నుంచి పెన్సిల్వేనియా మార్పును తీసివేస్తే మిగిలేది వేతనపెంపు ప్రభావం. పెంపు లేకుంటే రెండుచోట్లా మార్పు ఒకే తీరున ఉండేదన్నది ఇక్కడి ఆధార ప్రతిపాదన.

ఒక పథకం వేర్వేరు ప్రాంతాలలో వేర్వేరు ఏళ్ళలో అమలైనప్పుడు చిక్కు మొదలవుతుంది. ఇటువంటి సందర్భాలలో ప్రాంతానికీ సంవత్సరానికీ స్థిర ప్రభావాలు చేర్చిన ప్రతిగమన సమీకరణంతో ఒకే గుణకాన్ని రాబట్టడం చాలాకాలం వాడుకలో ఉంది. ఆ గుణకం అనేక జంట పోలికల భారిత సగటు మాత్రమేననీ, వాటిలో కొన్ని పోలికలకు అప్పటికే పథకం పొందిన ప్రాంతాలే ప్రమాణమవుతున్నాయనీ గుడ్‌మన్-బేకన్ నిరూపించారు. ఆ ముసాయిదా 2018లో వచ్చింది, అచ్చయినది 2021లో.

ఒక ఊహాత్మక లెక్క చూడవచ్చు. ‘అ’ జిల్లాకు మొదటి ఏడు పథకం వచ్చి కూలి 2 రూపాయలు పెరిగింది. రెండో ఏటికి ఆ పెంపు 6 రూపాయలకు చేరింది. ‘ఆ’ జిల్లాకు రెండో ఏడు పథకం వచ్చి 2 రూపాయలు పెరిగింది. వేరే మార్పేదీ లేదనుకొందాం. మొదటి ఏటి పోలిక 2 చూపుతుంది. రెండో ఏడు ‘ఆ’ మార్పు 2, ‘అ’ మార్పు 4. కాబట్టి పోలిక ఋణ 2. రెండింటి సగటు సున్నా. అందరికీ మేలు చేసిన పథకం నిష్ఫలమని తేలుతుంది!

2020–21లో ద షెజ్‌మార్తాన్–దోట్‌ఫై, కాలవే–సాంటన్నా, సన్–అబ్రహాం ప్రచురించిన పత్రాలు ఈ దోషానికి పరిష్కారాలు చూపాయి. పథకం ఇంకా అందని ప్రాంతాలనో, ఎన్నడూ అందని వాటినో మాత్రమే ప్రమాణంగా తీసుకోవడం వీటిలో ముఖ్యమైన సూత్రం. అంతమాత్రాన పాత అధ్యయనాలన్నీ తప్పని కాదు. ప్రభావం అన్నిచోట్లా, అన్ని ఏళ్ళలోనూ నిలకడగా ఉంటే పాత గుణకమూ సరైనదే.

ఈ చర్చకు తెలుగు నేలతోనూ సంబంధం ఉంది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. తొలి దశలో 200 జిల్లాలు, 2007లో మరో 130, 2008లో మిగిలిన గ్రామీణ జిల్లాలు దీని పరిధిలోకి వచ్చాయి. వెనుకబాటు ప్రాతిపదికగా తొలి జిల్లాల ఎంపిక జరిగింది కనుక సమాన ధోరణుల ప్రతిపాదననే ముందుగా శంకించవలసి ఉంటుంది. పైగా 2008 తరువాత పథకం లేని గ్రామీణ జిల్లా మిగలలేదు. ఆపై సంవత్సరాలకు కొత్త పద్ధతులు సైతం పోలికకు జిల్లాను సృష్టించలేవు.