విమానమంటే భయమా?

కార్యాలయపు పని మీద ఢిల్లీ వెళ్ళవలసి వస్తే రైలు టిక్కెట్టే కావాలని పట్టుబట్టేవారు మనలో లేకపోలేదు. కారణమడిగితే నవ్వి ఊరుకుంటాం. విదేశంలో ఉన్న కుమార్తెకు పురుడు పోయడానికి వెళ్ళవలసినపుడు మాత్రం ఆ నవ్వు రాదు. అక్కడికి రైలు లేదు.

ఈ భయానికి సిగ్గుపడనక్కరలేదు. తెలియనితనమే దానిని పెంచుతుంది. కుదుపులలో రెక్కలు ఊగడం చూసి గుండె ఝల్లుమంటుంది. నిజానికి అవి వంగేటట్లుగానే నిర్మితమవుతాయి. ప్రయాణంలో ఎదురుకాగల గరిష్ఠ భారానికి 1.5 రెట్లు తట్టుకోగలవని రుజువైన పిదపనే అనుమతి లభిస్తుంది. నేలను విడిచిన కొద్దిసేపటికి వినిపించే చప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకోవడం వల్ల కలిగేదే. రెండు ఇంజన్లలో ఒకటి ఆగినా రెండవదానితో సురక్షితంగా దిగవచ్చు.

రెక్కల దగ్గరి సీటు కోరుకుందాం. అక్కడ కుదుపు కొంత తక్కువ. కూర్చున్నంతసేపూ బెల్టు పెట్టుకుందాం. కాఫీ మానుదాం. గుండె దడ హెచ్చినపుడు ఊపిరిని నెమ్మదిగా, దీర్ఘంగా వదులుదాం. భయంగా ఉన్నదని విమాన సిబ్బందికి ముందే చెబుదాం. వారికిది కొత్త కాదు.

భయం పోయిన తరువాత ఎక్కుదామనుకుంటే ఆ రోజు రాకపోవచ్చు. భయంతోనే ఎక్కుదాం. చంటిబిడ్డను తొలిసారి చేతుల్లోకి తీసుకునే వేళ దారిలోని కుదుపులు ఎవరికి గుర్తుంటాయి?