పాత బుల్లెటు ఫోర్కునకు అడ్డుపట్టీ

కొల్లేటి గట్లపై పాత బుల్లెటు నడుపు రైతుసోదరులు, ముందుచక్రము బండిగాడిలో పడినపుడు హ్యాండిలు స్వాధీనము తప్పుచున్నదని మాతో చెప్పుచుందురు. మద్రాసున తయారైన ఈ బండికి ఫోర్కుకాళ్లు రెంటిని క్రింద ఇరుసొక్కటే గట్టిగా కలుపును. మడ్‌గార్డు కమ్మీల బలము స్వల్పము. గాడి యంచు తగిలినపుడు కాళ్లు వేర్వేరుగా మెలిపడును. చక్రముపైగా క్రిందిగొట్టములు రెంటిని కలుపుచు అడ్డుపట్టీ బిగించినచో ఆ మెలి తగ్గును.

అయితే కొలత తప్పిన పట్టీ కీడు. తాడేపల్లిగూడెమున నొక సభ్యుని బండికి మేము తొందరపడి బిగింపించగా, కాళ్లు లోనికి గుంజుకొని స్ప్రింగులు ఆడుట మానెను. కావున ఇరుసును, పట్టీ బోల్టులను వదులుగా నుంచి, ముందుభాగమును నాలుగైదుమార్లు అదిమి, కాళ్లు తమచోట కుదిరిన పిదప మొదట ఇరుసును, తరువాత పట్టీని బిగింపవలెను. పూర్తిగా అదిమినను పట్టీ దేనికిని తగులరాదు. బుష్షులు అరిగియున్నచో ముందు వానిని మార్పించుడు. పట్టీ ఖర్చు ఆ పిమ్మటి మాట.