పోస్టుమాన్‌ని ఎవరూ చూడలేదు: డిటెక్టివ్ కథల్లో పనివాళ్ల కళ్లు

మాలో చాలామందిమి డిటెక్టివ్ నవలలు మొదట చదివింది సంక్షేమ హాస్టళ్లలోనే. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు, జేబులో పట్టే సైజువి, అద్దె పుస్తకాల షాపు నించి ఎవడో ఒకడు తెచ్చేవాడు. తెల్లారేసరికి తిరిగి ఇచ్చెయ్యాలి గనక ఒకడు చదువుతుంటే ఇద్దరు వాడి భుజాల మీంచి చదివేవాళ్లు. పది చేతులు మారిన పుస్తకానికి చివరి కాగితాలు ఊడిపోయి ఉండేవి. హంతకుడెవరో తెలీకుండానే నవల అయిపోయేది. అప్పుడు మేమే కూచుని తేల్చుకునేవాళ్లం. యుగంధర్‌కి రాజు అసిస్టెంటు అయితే, మా గదిలో అందరూ రాజులే.

సాహిత్య చర్చల్లో ఈ నవలలకి చోటు దొరకలేదు. కాలక్షేపం సరుకని పండితులన్నారు, పలాయనవాదమని అభ్యుదయవాదులన్నారు. ఆ మాటలు పూర్తిగా అబద్ధమని మేం అనడం లేదు. అయితే మిగతా కథలు దాటేసే రెండు ప్రశ్నల్ని డిటెక్టివ్ కథ సూటిగా అడుగుతుంది. అక్కడ ఎవరున్నారు? ఎవరి మాట నమ్మాలి? వాడల నించి వచ్చినవాళ్లకి ఇవి కొత్త ప్రశ్నలు కావు. లోకం మెచ్చిన కొందరు డిటెక్టివ్‌లని ఈ రెండు ప్రశ్నలతోనే పరీక్షించి చూద్దామని ఈ వ్యాసం. కొన్ని కథల ముగింపులు బయట పెట్టక తప్పడం లేదు, పాఠకులు మన్నించాలి.

జి.కె. చెస్టర్టన్ సృష్టించిన ఫాదర్ బ్రౌన్ ఒక పొట్టి కేథలిక్ ప్రీస్టు. 1911లో వచ్చిన ‘ద ఇన్నోసెన్స్ ఆఫ్ ఫాదర్ బ్రౌన్’ సంపుటిలో ‘ద ఇన్విజిబుల్ మ్యాన్’ అని ఒక కథ ఉంది. లండన్‌లో ఇసిడోర్ స్మైత్ అనే ఆసామిని చంపుతామని బెదిరింపులొస్తాయి. అతనుండే మేడ కింద నలుగురిని కాపలా పెడతారు. గేటు మనిషి, పోలీసు, వేయించిన కాయలమ్మేవాడు, ఇంకో పనివాడు. కాసేపటికి స్మైత్ మాయమవుతాడు. లోపలికి ఎవరూ పోలేదని నలుగురూ ఒట్టేసి చెబుతారు. బయట మంచులో మాత్రం అడుగుల జాడలున్నాయి. వచ్చినవాడు పోస్టుమాన్. శవాన్ని తన సంచీలో వేసుకుని అందరి ముందు నించే నడిచిపోయాడు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ‘ఎవరైనా వచ్చారా’ అని అడిగితే పోస్టుమాన్ ఆ ‘ఎవరైనా’లోకి రాడు, అంతే. ఇంట్లో ఎవరుంటున్నారని దొరసానిని అడిగితే, పనిమనిషి పక్కనే నిలబడి ఉన్నా ఎవరూ లేరనే అంటుందని ఫాదర్ బ్రౌన్ వివరిస్తాడు.

ఈ కథలో మమ్మల్ని పట్టుకున్న సంగతులు ఇంకో రెండున్నాయి. ఒకటి, చచ్చిపోయిన స్మైత్ డబ్బు సంపాదించింది పనివాళ్లకి బదులు మరబొమ్మలు చేసి అమ్మి. తిండి అడగని, ఎదురు చెప్పని నౌకర్లు! రెండోది, కాపలా ఉన్న నలుగురూ పెద్దింటివాళ్లు కారు. కాయలమ్మేవాడికి కూడా పోస్టుమాన్ కనబడలేదు. అంటే దొరల చూపు దొరల దగ్గరే ఆగదు, కింది దాకా దిగుతుంది. మనలో కూడా ఒక కులంవాడు తన కిందున్న కులంవాణ్ణి ఎట్లా చూస్తాడో తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే ఇంగ్లండు పనివాడి సంగతిని తెచ్చి మన అంటరానితనానికి అట్లాగే అతికించకూడదు. పోస్టుమాన్‌ని ఎవరూ పట్టించుకోలేదు గనక అతను కనబడలేదు. మనవాళ్ల సంగతి తిరగబడి ఉంటుంది. పీష్వాల కాలంలో పూనాలో అస్పృశ్యుడు తన అడుగుజాడలు చెరిపేసుకోడానికి నడుముకి చీపురు కట్టుకోవాల్సి వచ్చేదని అంబేడ్కర్ 1936 నాటి ‘కుల నిర్మూలన’లో రాశాడు. కులం అతన్ని దూరం నించే చూసి గుర్తుపడుతుంది, గుర్తుపట్టి తప్పుకుంటుంది. మనిషి కనబడుతూనే ఉంటాడు. అతను చూసిందే లెక్కలోకి రాదు.

షెర్లాక్ హోమ్స్ దగ్గరికి వద్దాం. 1887లో ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’తో మొదలైన ఈయనకి పనివాళ్ల కళ్ల విలువ బాగా తెలుసు. విగ్గిన్స్ అనే పిల్లాడి నాయకత్వంలో వీధి పిల్లల దండు ఒకటి ఆయనకి పనిచేస్తుంది. రోజుకి తలా ఒక షిల్లింగు కూలి. వాళ్లు ఎక్కడికైనా పోగలరు, ఏదైనా వినగలరు. పోలీసులకంటే వీళ్లే నయమని హోమ్స్ ఒప్పుకుంటాడు కూడా. కాని కేసు తేలాక పేరు హోమ్స్‌దే, రాసేది డాక్టర్ వాట్సనే. 1890 నాటి ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో అండమాన్ నించి వచ్చిన టోంగాని కోనన్ డాయిల్ ఎంత అసహ్యంగా చిత్రించాడో చదివితే, కళ్లు తెరిపించే ఈ డిటెక్టివ్‌కి సామ్రాజ్యం గీసిన హద్దు ఎక్కడుందో అర్థమవుతుంది.

‘చార్లెస్ అగస్టస్ మిల్వర్టన్’ కథ ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఒక బ్లాక్‌మెయిలర్ ఇంటి ఆనుపానులు తెలుసుకోడానికి హోమ్స్ ప్లంబర్ వేషం వేస్తాడు. ఆ ఇంట్లో పనిచేసే అగథా అనే అమ్మాయితో సాయంత్రాలు షికార్లు తిరిగి, పెళ్లి చేసుకుంటానని మాటిస్తాడు. మరి ఆ పిల్ల సంగతేమిటని వాట్సన్ అడుగుతాడు. హోమ్స్ భుజాలెగరేసి, తను తప్పుకుంటే ఆ చోటుకి ఇంకొకడు కాచుకునే ఉన్నాడంటాడు. ఆ అమ్మాయి తర్వాత ఏమైందో కథకి పట్టలేదు.

దీని పక్కన అగాథా క్రిస్టీ ‘ఎ పాకెట్ ఫుల్ ఆఫ్ రై’ (1953) పెట్టి చదవాలి. అందులో గ్లాడిస్ మార్టిన్ అనే అనాథ పిల్ల. ఇంటిపని నేర్పి పంపింది మిస్ మార్పుల్. హంతకుడు మారుపేరుతో వచ్చి, ప్రేమిస్తున్నానని గ్లాడిస్‌ని నమ్మించి, ఆమె చేతనే విషం కలిపించి, తర్వాత ఆమెనీ చంపేస్తాడు. శవం ముక్కుకి బట్టలారేసే క్లిప్పు పెట్టిపోతాడు. మిస్ మార్పుల్ ఊరినించి బయల్దేరి వచ్చింది చచ్చిపోయిన పెద్ద వ్యాపారి కోసం కాదు, ఈ పనిపిల్ల కోసం. ఆ క్లిప్పు ఆమెకి కోపం తెప్పించింది. బిబిసి సీరియల్లో జోన్ హిక్సన్ ముఖంలో ఆ కోపం చూడొచ్చు. ఊళ్లో కబుర్లు చెప్పుకునే ముసలమ్మని మేధావులు చిన్నచూపు చూస్తారు గాని, పనిమనిషి చావుని చావుగా లెక్కగట్టింది ఆవిడే.

కాని ఒక్క క్షణం ఆగండి. హోమ్స్ అగథాకి చేసిందీ, ఈ హంతకుడు గ్లాడిస్‌కి చేసిందీ మొదట్లో ఒకటే పని. పనిపిల్లకి పెళ్లి ఆశ చూపి ఇంటి లోపలికి దారి వేసుకోవడం. డిటెక్టివ్ చేస్తే తెలివి, హంతకుడు చేస్తే నేరం! పెళ్లి చేసుకుంటానని నమ్మించి అనే మాట మన పోలీసు స్టేషన్ కాగితాల్లో ఎన్నిసార్లు కనబడుతుందో, ఆ కాగితాల వెనక ఎవరి పిల్లలుంటారో కార్యకర్తలకి తెలుసు.

ఇప్పటిదాకా చెప్పినవి హంతకుడెవరు అనే ప్రశ్న మీద నడిచేవి. అమెరికా టెలివిజన్లో 1971 నించి 1978 దాకా, మళ్లీ 1989 నించి వచ్చిన ‘కొలంబో’ ఆ ప్రశ్ననే తీసేసింది. హత్య చేసేది ఎవరో మొదటి సీన్లోనే చూపిస్తారు. చేసేవాడు డాక్టరో, లాయరో, పెద్ద సంగీతకారుడో, డబ్బూ మర్యాదా ఉన్నవాడు. తర్వాత నలిగిన రెయిన్‌కోటు వేసుకుని, డొక్కు ప్యూజో కారులో లెఫ్టినెంట్ కొలంబో దిగుతాడు. పీటర్ ఫాక్ వేసిన ఈ పాత్రని చూసి పెద్దమనుషులు నవ్వుకుంటారు. వీడా నన్ను పట్టేది అనుకుంటారు. అతను సెలవు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఇంకొక్క మాటండీ అంటాడు. టీవీ డిటెక్టివ్‌లలో మా ఓటు ఇతనికే. అవతలివాడి అహంకారాన్నే ఆధారంగా వాడుకునే మనిషి ఇతను.

కొలంబో కథల్లో మాకు దగ్గరగా తోచేది ఈ నిర్మాణమే. మన ఊళ్లలో జరిగే దాడుల్లో ఎవరు చేశారన్నది రహస్యం కాదు. పట్టపగలు, పేరు పెట్టి పిలిచేంత ఎరిగినవాళ్లే చేస్తారు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోడానికి పోరాడాల్సి వచ్చింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. చూసినవాళ్లు ఉన్నారు, చెప్పారు, కోర్టు మెట్లు ఎక్కారు. చిక్కంతా వాళ్ల మాట ఎంత దూరం చెల్లుతుందన్న దగ్గరే. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో 7వది, దర్యాప్తు చేసేవాడు డిఎస్పీ హోదాకి తగ్గకూడదంటుంది. అతని అనుభవాన్నీ, కేసులోని లోతుపాతులు గ్రహించే శక్తినీ, న్యాయదృష్టినీ చూసి నియమించాలంటుంది. చట్టమే ఒక డిటెక్టివ్‌ని ఊహించిందన్న మాట. కొలంబో దగ్గర ఆ గుణాలున్నాయి, బిళ్ల కూడా ఉంది. బిళ్ల ఉండి గుణాలు లేనివాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఆఫ్రికన్ అమెరికన్ రచయితలు ఈ చిక్కుని లోపలి నించి రాశారు. చెస్టర్ హైమ్స్ దోపిడీ కేసులో ఒహాయో జైల్లో ఉండగా రాయడం మొదలుపెట్టినవాడు. తర్వాత పారిస్ చేరి, ఒక ఫ్రెంచి సంపాదకుడి ప్రోద్బలంతో హార్లెమ్ పోలీసు నవలలు రాశాడు. ‘కాఫిన్’ ఎడ్, ‘గ్రేవ్ డిగ్గర్’ జోన్స్ అనే ఇద్దరు నల్ల డిటెక్టివ్‌లు తెల్ల పోలీసు శాఖలో పనిచేస్తూ తమ వాడలోనే తుపాకీ పట్టుకు తిరుగుతారు. వాళ్ల మొరటుతనం మాకు నచ్చదు. అయినా 1969 నాటి ‘బ్లైండ్ మ్యాన్ విత్ ఎ పిస్టల్’కి వచ్చేసరికి కేసు తేలనే తేలదు. తేల్చే వ్యవస్థే లేనప్పుడు తేలినట్టు రాయడం అబద్ధమని హైమ్స్‌కి అనిపించి ఉండాలి.

మాకు అందరికంటే ఇష్టమైన డిటెక్టివ్‌కి మాత్రం బిళ్ల లేదు, తుపాకీ లేదు. బార్బరా నీలీ 1992లో ‘బ్లాంచ్ ఆన్ ద లామ్’ నవలతో తెచ్చిన బ్లాంచ్ వైట్ ఇళ్లల్లో వంటా పనీ చేసుకునే నల్లావిడ. పేరులో రెండు మాటలకీ తెలుపనే అర్థం. మనిషి కారునలుపు. చనిపోయిన చెల్లెలి పిల్లలిద్దర్ని పెంచుతోంది. పనిచేయించుకున్నవాళ్లు జీతం ఇవ్వకుండా ఊరెళ్లిపోతే ఆమె రాసిన చెక్కులు చెల్లవు. దానికి ఆమెకే 30 రోజుల జైలు. కోర్టులో ఏదో గొడవ జరుగుతుంటే సందు చూసుకుని తప్పించుకుని, నార్త్ కరోలినాలోనే ఒక తెల్ల ధనవంతుల ఇంట్లో పనిమనిషిగా చేరి దాక్కుంటుంది. అక్కడ హత్యలు. మొదట అనుమానం వచ్చేది తన మీదే అని ఆమెకి తెలుసు. నేరస్తుణ్ణి పట్టడం ఆమెకి సరదా కాదు, ప్రాణం కాపాడుకునే పని.

ఆమె దర్యాప్తు చేసే తీరు చూడండి. పడకగది సర్దుతూ ఎవరు ఎక్కడ పడుకున్నారో కనిపెడుతుంది. భోజనాల దగ్గర వడ్డిస్తుంటే ఆమె అక్కడ లేనట్టే మాట్లాడుకుంటారు. ఇంకా కావలసిందేమన్నా ఉంటే ఊళ్లో మిస్ మిన్నీ అనే పెద్దావిడ దగ్గర దొరుకుతుంది. ఏ తెల్ల ఇంట్లో ఏం జరిగిందో పనివాళ్ల నోటివెంట ఆవిడకి చేరుతూనే ఉంటుంది. హోమ్స్ షిల్లింగు ఇచ్చి కొనుక్కున్న సమాచారం ఇక్కడ ఎవరిదో వాళ్ల దగ్గరే ఉంది. తోటమాలి నేట్‌కి అసలు విషయం తెలుసు. తెలిసినందుకే అతను బతకడు.

చిన్నప్పుడు ఒంటి నలుపుని పిల్లలు వెక్కిరిస్తే, నువ్వు చీకట్లో కలిసిపోగల రాత్రి పిల్లవని ఒక బంధువు బ్లాంచ్‌కి చెబుతుంది. ఆ మాట ఆమెకి ఆయుధమైంది. యజమానులు తనని నిజంగా ప్రేమిస్తున్నారని నమ్మే పనివాళ్ల బలహీనతకి ఆమె ఒక జబ్బు పేరే పెట్టింది. ఆ ఇంట్లో మమ్స్‌ఫీల్డ్ అనే అమాయకపు కుర్రాడి మీద తనకీ మమకారం కలుగుతుంటే ఆ జబ్బు తనకీ సోకుతోందా అని బెదురుతుంది. ఈ బెదురు మా తల్లులకి, అమ్మమ్మలకి తెలుసు. దొర పిల్లల్ని చంకనేసుకు పెంచి, అదే ఇంట్లో వేరే గ్లాసులో టీ తాగినవాళ్లు వాళ్లు. 1994 నాటి రెండో నవలలో నీలీ నల్లవాళ్లలోనే చాయ తక్కువ ఎక్కువల తేడాని కూడా వదిలిపెట్టలేదు. ఆ ధైర్యం మన రచయితలకీ కావాలి.

మన దేశంలో ఏముంది? 1993లో దూరదర్శన్లో రజిత్ కపూర్ వేసిన బ్యోమకేశ్ బక్షీ అందరికీ ఇష్టమే, మాకూ ఇష్టమే. కాని టీ తెచ్చే పుతీరామ్ ఏం చూశాడో ఆ భద్రలోక డిటెక్టివ్ పెద్దగా అడగడు. తెలుగులో ‘చంటబ్బాయ్’ (1986) నవ్వించింది, ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019) నెల్లూరు వీధుల్లో తిరిగింది. పేర్లలోనే పాండురంగారావు, ఆత్రేయ. 2023లో వచ్చిన హిందీ సీరియల్ ‘దహాడ్’లో మాత్రం సోనాక్షి సిన్హా వేసిన ఎస్సై అంజలి భాటీ ఎదురొచ్చినప్పుడల్లా స్టేషన్లో ఒక ఉద్యోగి అగరొత్తులు వెలిగిస్తాడు. మేఘ్‌వాల్ అన్న ఇంటిపేరుని ఆమె తండ్రి భాటీగా మార్చాడు. అందులో చనిపోయిన ఆడపిల్లలు కూడా పెళ్లి మాట నమ్మి వెళ్లినవాళ్లే. ఎవరికీ పట్టని పేదింటి పిల్లలు గనకే చాలాకాలం ఎవరూ లెక్కపెట్టలేదు. గ్లాడిస్‌కి మిస్ మార్పుల్ వచ్చినట్టు వాళ్లకి అంజలి వచ్చింది. తేడా ఏమిటంటే, ఈమె ఆ వీధిలోంచే వచ్చింది.

టీచర్లకి ఒక మాట. చెస్టర్టన్ కథ తెలుగులో క్లాసులో చెప్పండి, పోస్టుమాన్ సంగతి దాచిపెట్టి ఆపండి. నిన్న పొద్దున్నించి సాయంత్రం దాకా మీ ఇంటికి, మీ హాస్టల్‌కి ఎవరెవరొచ్చారో కాగితం మీద రాయమనండి. పాలవాడు, చుట్టాలు, ట్యూషన్ సారు, అందరూ వస్తారు. చెత్త బండి మనిషి పేరు ఎన్ని కాగితాల్లో ఉందో లెక్కపెట్టి, అప్పుడు మిగతా కథ చెప్పండి.