బండికే కాదు... తుంటికీ బ్రేక్!

బండికి పెట్రోలు చూస్తాం. టైర్లలో గాలి చూస్తాం. వేళకు ఇంజిన్ ఆయిలు మారుస్తాం. ఆ బండిని నడిపే మనిషి నడుము కింద ఏం జరుగుతోందో మాత్రం చూసుకోం. గంటల తరబడి మడతపడి ఉన్న తుంటి ఏదో ఒకరోజు మొరాయిస్తుంది. అలా జరగకూడదంటే ఏం చేయాలి?

సంక్రాంతి ప్రయాణం. బస్సులో సీటు లేదు. రైలు టికెట్టు వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయింది. 'పోనీ, బండి మీద వెళ్లిపోదాం' అనుకుని తెల్లారకముందే హైదరాబాద్ ఎల్బీనగర్ దాటేశారు. చౌటుప్పల్ వచ్చింది... మహా హుషారుగా ఉన్నారు. నార్కట్‌పల్లి వచ్చింది... 'ఏమండీ, టీ తాగుదామా?' అంది వెనక కూర్చున్న ఇల్లాలు. 'సూర్యాపేటలో ఆగుదాంలే' అని మీరు ఇంకాస్త వేగం పెంచారు. తీరా సూర్యాపేటలో హోటల్ ముందు బండి ఆపి దిగబోతే... కుడికాలు సీటు దాటి రానంటోంది! తుంటి దగ్గర ఎవరో పట్టుకుని మెలితిప్పినట్టు నొప్పి. నాలుగడుగులు కుంటితే గానీ మామూలు నడక రాలేదు.

పండక్కి ఊరెళ్లేవారికే కాదు... మెడికల్ రిప్రజెంటేటివ్‌లకూ, ఫుడ్ డెలివరీ కుర్రాళ్లకూ, ఊరూరా తిరిగి పాలు పోసేవాళ్లకూ బాగా తెలిసిన నొప్పే ఇది. 'ఏం చేస్తాం, మన రోడ్లు అలాంటివి' అని సరిపెట్టుకుంటుంటారు. గతుకుల పాత్రా ఉంది, కాదనలేం. కానీ అసలు దోషి వేరే ఉంది. అది... కదలకుండా కూర్చోవడం!

కురచబడే కండరం

నిలబడినప్పుడు తుంటి తిన్నగా ఉంటుంది. బండెక్కితే మడతపడుతుంది. ఫుట్‌రెస్టులు పైకీ వెనక్కీ ఉండే స్పోర్ట్స్ బైకుల మీదైతే ఆ మడత మరీ ఎక్కువ. నడుము దగ్గరి వెన్నుపూసల నుంచి బయల్దేరి, గజ్జల మీదుగా వచ్చి తొడ ఎముకకు అతుక్కునే కండరం ఒకటుంది. పేరు ఇలియోసోయాస్. కాలిని పైకెత్తడం దాని పని. మనం కూర్చున్నంతసేపూ అది కురచగా ముడుచుకునే ఉంటుంది. మూడు గంటల తర్వాత ఒక్కసారిగా లేచి కాలు చాపితే 'నేను సాగను' అని మొండికేస్తుంది. దాని రెండో కొస వెన్నుకే ఉంది కాబట్టి నడుమూ పట్టేస్తుంది.

వెనకవైపు పిర్రల కండరాలది మరో కష్టం. బరువంతా వాటి మీదే. ఒకేచోట ఒత్తిడి పడుతుంటే రక్తప్రసారం తగ్గి తిమ్మిరెక్కుతుంది. పైనుంచి బండి అదురు సరేసరి.

పర్సు ఎక్కడుంది?

ముందు వెనక జేబు తడిమి చూసుకోండి. లావుపాటి పర్సు ఉంటే తీసి బ్యాగులో పెట్టేయండి. ఒకవైపే ఎత్తు పెట్టుకుని కూర్చుంటే నడుము పక్కకు ఒరుగుతుంది. పిర్ర లోపల నుంచి కాలిలోకి వెళ్లే సయాటిక్ నరం మీద ఒత్తిడి పడుతుంది. దీనికి వైద్యులు పెట్టిన పేరే 'వాలెట్ సయాటికా'! బిగుతు జీన్సూ, బెల్టూ కూడా అంతే. గజ్జల దగ్గర నరాన్ని నొక్కేస్తే తొడ బయటివైపు మంట, తిమ్మిరి మొదలవుతాయి. బరువైన బ్యాగును భుజాలకు తగిలించుకోవద్దు. క్యారియర్‌కు కట్టేయండి.

బండి మీకు సరిపోయిందా?

చొక్కా కొనేముందు తొడుక్కుని చూస్తాం. బండినీ అలాగే చూడాలి. స్ప్లెండర్ లాంటి బండి సీటు ఎత్తు సుమారు 785 మిల్లీమీటర్లు. క్లాసిక్ 350ది సుమారు 805. తేడా రెండు సెంటీమీటర్లేగా అనుకోవద్దు. పొట్టివారికి సిగ్నల్ దగ్గర కాలు ఆనుతుందా లేదా అన్నది తేల్చేవి ఆ రెండు సెంటీమీటర్లే. మునివేళ్ల మీద బండి బరువు ఆపుతుంటే భారమంతా తుంటి పక్క కండరాల మీద పడుతుంది.

* సీటు ఫోమ్ గుంటపడితే ఆలస్యం చేయకుండా మార్పించండి. మరీ మెత్తటి ఫోమ్ కూడా వద్దు. అందులో కూరుకుపోతే ఒత్తిడి పెరుగుతుందే గానీ తగ్గదు.

* చాలా బండ్లకు వెనక షాక్ అబ్జార్బర్ బిగువును మార్చుకునే వీలుంటుంది. ఒక్కరే వెళ్తుంటే మెత్తగా, ఇద్దరైతే గట్టిగా పెట్టించుకోవాలి.

* టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉండాలి. ఎక్కువైతే ప్రతి గతుకూ నేరుగా తుంటికే తగులుతుంది.

* ట్యాంకును మోకాళ్లతో తేలిగ్గా పట్టుకుని, మోచేతులు వదులుగా ఉంచి, నడుము గూనిపోకుండా కూర్చోండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర వేగం బాగా తగ్గించి, ఫుట్‌రెస్టుల మీద బరువు మోపి సీటు నుంచి కాస్త లేస్తే కుదుపును మోకాళ్లు తీసుకుంటాయి.

ఊరికో మజిలీ

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. దారిలో చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ. ఇంచుమించు గంటకో ఊరు. ప్రతిచోటా అయిదు నిమిషాలు ఆగినా మొత్తం కలిపి అరగంట కాదు. ఆగి మళ్లీ కుర్చీలో కూర్చుంటే మాత్రం లాభం లేదు. నడవాలి. ఒక కాలు బాగా వెనక్కి వేసి, ముందు మోకాలిని వంచి, గజ్జ దగ్గర లాగినట్టు అనిపించేదాకా వెళ్లి అరనిమిషం ఆగండి. తర్వాత రెండో కాలు.

నడుపుతుండగానే కండరం పట్టేస్తే? బండి మీదే కాలు బార చాపి విదిలించడం ప్రమాదం. వేగం తగ్గించి, ఇండికేటర్ వేసి, ఎడమపక్కకు తీసి ఆపేయండి. దిగి మెల్లగా నడవండి.

ఇంట్లో పది నిమిషాలు

రోజూ బండి నడిపేవారు ఇంట్లో మూడు పనులు చేస్తే చాలు. పాదాలు రెండూ కలిపి కూర్చుని మోకాళ్లను పక్కలకు వంచే బద్ధకోణాసనం. కుర్చీలో కూర్చుని ఒక మడమను రెండో మోకాలి మీద పెట్టుకుని ముందుకు వంగడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే సేతుబంధాసనం. మొదటి రెండూ బిగుతును వదిలిస్తాయి. మూడోది పిర్రల కండరాలకు బలమిస్తుంది.

వెనక కూర్చున్నవారి మాటేమిటి?

చీరకట్టుతో ఒకపక్కకు కూర్చునే ఆడవాళ్ల తుంటి, నడుము గంటలకొద్దీ మెలితిరిగే ఉంటాయి. పైగా పట్టు తప్పితే పడిపోయే ప్రమాదం. దూర ప్రయాణమైతే చుడీదార్ వేసుకుని, రెండువైపులా కాళ్లు వేసి కూర్చోవడమే మేలు. ఫుట్‌రెస్టులు రెండూ ఉండాల్సిందే.

ఈ నొప్పి వేరు!

బండి నొప్పి సాధారణంగా దిగి నడిస్తే సర్దుకుంటుంది. ఒకట్రెండు రోజుల్లో మాయమవుతుంది. అలా కాకుండా గజ్జల్లో నొప్పి వారాల తరబడి వేధిస్తున్నా, కుంటుతున్నా, బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతున్నా నెపాన్ని బండి మీదకు నెట్టకండి. తొడ ఎముక పైకొసన ఉండే బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడిపోయే జబ్బు ఒకటుంది. అదే అవాస్క్యులర్ నెక్రోసిస్. ముప్ఫై, నలభై ఏళ్ల వయసువారికీ వస్తుంది. ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడినవారికీ, మద్యం అతిగా తాగేవారికీ ముప్పు ఎక్కువ. తొలిదశలో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎంఆర్ఐలో బయటపడుతుంది. త్వరగా గుర్తిస్తే కీలును కాపాడుకునే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే కీలు మార్పిడే గతి. అందుకే మందుల షాపులో అడిగి బిళ్లలు మింగుతూ రోజులు నెట్టొద్దు. కాలు బలహీనపడినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, కూర్చునే భాగం మొద్దుబారినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

మిగతా నొప్పులకు మందు మన చేతిలోనే ఉంది. ఈసారి నార్కట్‌పల్లి దగ్గర వెనకనుంచి 'ఏమండీ, టీ తాగుదామా?' అని వినిపిస్తే... మారుమాట్లాడకుండా బండి ఆపేయండి. ఆ పిలుపు టీ కోసమే కాదు, మీ తుంటి కోసం కూడా!