మంజీర పారినంత మేర

ఫిబ్రవరి నెలలో నిజామాబాద్ వ్యవసాయ మార్కెట్ యార్డుకు పొద్దున్నే వెళ్ళండి. గేటు ఇంకా దూరముండగానే ముక్కుకు ఘాటు తగులుతుంది. లోపల షెడ్ల కింద పసుపు కుప్పలు, కుప్పకో రైతు. కొందరు రాత్రి అక్కడే సంచుల మీద నడుం వాల్చి లేచినవాళ్ళు. హమాలీల చొక్కాలు, కనుబొమ్మలు, కాలి వేళ్ళ సందులు అన్నీ పసుపే. కొనడానికి వచ్చినాయన కుప్పలో చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీస్తాడు. రెండు చేతులతో విరుస్తాడు. టప్‌మని విరగాలి, లోపల రంగు చిక్కగా కనబడాలి. మెత్తగా వంగిందంటే తడి ఆరలేదని లెక్క, ధర దిగినట్టే. తొమ్మిది నెలలు భూమిలో ఊరి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, డ్రమ్ములో వేసి మెరుగు పెట్టిన పంట తలరాత ఆ చిన్న చప్పుడులో తేలిపోతుంది. ఆ క్షణాన రైతు కళ్ళు కొమ్ము మీద ఉండవు, కొనేవాడి మొహం మీద ఉంటాయి.

ఈ పంట కోసం ఇక్కడివాళ్ళు ఎంత కొట్లాడారో దేశమంతా ఒకసారి చూసింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వాళ్ళలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. గిట్టుబాటు ధర కావాలి, పసుపు బోర్డు కావాలి అన్న మాటను ఓటు యంత్రం మీద రాసి చూపించారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ఈ ఊళ్ళోనే మొదలైంది.

నిజామాబాద్ మీదుగా పోయేవాళ్ళు లక్షల్లో ఉంటారు. బాసర సరస్వతి దగ్గర పిల్లలకు అక్షరాభ్యాసం చేయించేవాళ్ళు, నాందేడ్ గురుద్వారాకు పోయేవాళ్ళు ఇక్కడ టీ తాగి బండి ఎక్కుతారు. దిగి చూసేవాళ్ళు తక్కువ. మన ఇళ్ళ పిల్లలు జర్మనీకో ఐర్లండ్‌కో చదువులకు పోయి, అక్కడి పాత కోటల ముందు, రాతి వంతెనల ముందు నిలబడి ఫోటోలు పంపుతున్నారు. సంతోషమే. అంత ఓపికతో, అంత ఇష్టంతో మన ఊళ్ళనూ చూడాలని నా కోరిక. అందుకు రెండు రోజులు చాలు. దారి చూపడానికి మంజీర ఉండనే ఉంది. మహారాష్ట్ర బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ నేల మీదుగా వచ్చి, తెలంగాణలో ఉత్తరానికి మళ్ళి గోదావరిలో కలిసే ఈ నది వెంట పోతే ఇక్కడి తిండి, పంట, మాట, మనుషులు అన్నీ ఒక వరసలో అర్థమవుతాయి.

ముందు ఊరు. పాత పేరు ఇందూరు, ఇప్పటికీ పెద్దవాళ్ళ నోట అదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హైదరాబాద్ నుంచి మన్మాడ్ వైపు రైలు వచ్చినప్పుడు స్టేషన్‌కు నిజాం పేరు పెట్టారు, ఊరికీ జిల్లాకూ అదే స్థిరపడింది. గుట్ట మీద కోట, కోటలో రఘునాథాలయం. ఊరు దాన్ని ఖిల్లా రామాలయం అంటుంది. నిజాం కాలంలో ఆ కోట జైలు. 1948లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అందులో ఖైదీలు. పళ్ళు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి జైలు గోడ మీద పద్యాలు రాశాడు. తెలుగు పద్యం ఎక్కడెక్కడో పుట్టింది, రాజుల కొలువుల్లో, గుళ్ళలో, పొలం గట్ల మీద. బొగ్గు ముక్కతో జైలు గోడ మీద పుట్టిన చోటును చూడాలంటే ఇక్కడికి రావాలి. మెట్లు ఎక్కి పైన గాలికి నిలబడండి. కింద చెరువు, దాని పక్కన కిక్కిరిసిన ఊరు.

దిగి సందుల్లో నడిస్తే ఇళ్ళ అరుగుల మీద ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కనిపిస్తారు. కత్తెరతో ఆకు కోయడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం, అన్నీ మాట్లాడుతూనే. చేతుల వైపు చూసే పనే లేదు. ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ళు గల్ఫ్ పైసలతో లేచాయో, అన్ని ఇళ్ళు ఈ చాట మీద నిలబడ్డాయి. ఇదే ఊరి పిల్ల నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత. ఈ జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది.

తిండికి వచ్చేసరికి అందరూ అంకాపూర్ పేరే చెబుతారు. ఆర్మూర్ దారిలో ఉన్న ఈ ఊరు నిజానికి విత్తనాల ఊరు, ఎర్రజొన్న, మక్క, పసుపు పండించి బాగుపడ్డ ఊరు. కోడికూర తరువాత వచ్చిన పేరు. ముందుగా ఫోన్ చేసి చెప్పుకోవాలి, లెక్క ప్లేట్లలో ఉండదు, కోడి లెక్కే. దేశీ కోడిని ఈకలు తీసి మంట మీద కాల్చి, తోలు మీద పసుపు రుద్ది కడుగుతారు. ఆ కాల్చిన వాసన కూరలో చివరిదాకా ఉంటుంది. కుడుక, గసగసాలు, అల్లం, ఎల్లిగడ్డ నూరిన ముద్ద, ఎర్రటి కారం. ముక్క పంటికి లొంగడానికి కాస్త టైం తీసుకుంటుంది, లొంగాలి కూడా అట్లాగే. పక్కన తెల్లన్నం, లేదంటే జొన్న రొట్టె. రొట్టె ఉంటే రొట్టే అడగండి. పులుసులో నానిన జొన్న రొట్టె తునకకు అన్నం సాటి రాదని నా గట్టి నమ్మకం. వానాకాలంలో అయితే రోడ్డు పక్కన నిప్పుల మీద కాల్చిన మక్క కంకులు వేరే పండుగ.

మంజీర దగ్గరికి పోదాం. హైదరాబాద్ దారిలో పక్కకు తిరిగితే నిజాంసాగర్, ఇప్పుడది కామారెడ్డి జిల్లాలోకి పోయింది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జూలై 11నే తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం. దాదాపు మూడు కిలోమీటర్ల కట్ట, 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు. జొన్న, సజ్జ తప్ప ఎరగని రేగళ్ళకు కాలువ వచ్చింది. ఏడాదంతా నీళ్ళు దొరికే నేల అయింది. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం జావా చక్కెర మీద సుంకాలు పెంచి దేశీ చక్కెరకు కాపు కాసింది. నీళ్ళు ఉన్నాయి, నేల ఉంది, బజారు ఉంది. అన్నీ కలిసి బోధన్ పక్కన ఒక చక్కెర మిల్లుగా లేచాయి.

కాలువ వెంట మనుషులు కూడా వచ్చారు. కృష్ణా, గుంటూరు వైపు నుంచి, నల్లరేగడిలో చెరకు, వరి చెయ్యగలమన్న ధైర్యంతో బండ్లు కట్టుకుని వచ్చి గుడారాలు వేసుకున్నారు. ఆ గుడారాలే తరువాత ఊళ్ళయ్యాయి. అందుకే వర్ని, కోటగిరి, రుద్రూర్ చుట్టుపక్కల ఊళ్ళ పేర్ల చివర ‘క్యాంపు’ అని ఉంటుంది. తొంభై ఏళ్ళయినా ఆ మాట పోలేదు. ఒక క్యాంపులో మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే గోంగూర, ఆవకాయ, పప్పుచారు. కాలువ దాటి పాత ఊళ్ళోకి పోతే జొన్న రొట్టె, పచ్చిపులుసు, పండుగైతే పోలెలు. ఇంకా ముందుకు పోతే మరాఠీ మాట్లాడే ఇళ్ళు, బోధన్ బజారులో దక్కనీ ఉర్దూ. బోధన్ హోటల్లో టీ ఇచ్చే పిల్లగాడు మూడు భాషల్లో చిల్లర లెక్క చెబుతాడు. ఈ కలయిక ఎవరో కోరి కూర్చింది కాదు, నీళ్ళు పారిన కొద్దీ జరిగింది.

బోధన్‌లో దిగి శక్కర్‌నగర్ అంటే ఆటోవాళ్ళు ‘ఫ్యాక్టరీ కాడికా?’ అని అడుగుతారు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు. సొంత చెరకు పొలాలు, కార్మికుల క్వార్టర్లు, నిజామాబాద్ దారిలో జానకంపేట దగ్గర చీలి బోధన్ దాకా వచ్చిన రైలు పట్టా. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి మూసేశారు. తెరిపిస్తామన్న మాటను ఇక్కడివాళ్ళు ప్రతి ఎన్నికకూ వింటున్నారు. ఈలోగా చెరకు మళ్ళు వరి మళ్ళయ్యాయి. నీళ్ళు కూడా మునుపటంత లేవు. పైన మంజీర మీదే కట్టిన సింగూరు జలాశయం నీళ్ళు హైదరాబాద్ గొంతు తడపడానికి పోతున్నాయి. మొదట దాదాపు 30 టీఎంసీలు పట్టిన నిజాంసాగర్‌లో పూడిక చేరి, ఇప్పుడు 17.8 టీఎంసీలే పడుతున్నాయి.

గేటుకు ఎదురుగా చెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

“ఏం జూడ వచ్చినవ్ తమ్మీ? ఈడ ఇప్పుడేమున్నది?”

“మీరు పని చేసిండ్రా కాకా?”

“చేసిన. మా నాయిన గూడ చేసిండు.” కొంచెం సేపు ఏమీ అనలేదు. “క్రషింగ్ మొదలైతే ఊరంత పాకం వాసన. బండ్లు గీడికెల్లి రోడ్డు దాక లైను. ఎడ్లను ఇడిసి బండి కిందనే పండేటోళ్ళు రైతులు. చలికి చెరుకాకు మంటేసి జొన్న రొట్టె కాల్చేటోళ్ళు. గా రొట్టెల వేడి పానకం పోసుకొని తిన్నమనుకో...” అరచేతిని దొన్నెలా పట్టి చూపించాడు. పోసుకున్నది ఇప్పుడే అన్నట్టు ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంచాడు.

జర్మనీలో ఎస్సెన్ ఊరి జోల్‌వెరైన్ బొగ్గు గని 1986లో మూతబడింది. యంత్రాలను, కట్టడాలను పడగొట్టకుండా ఉంచుకున్నారు. 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇవాళ మన పిల్లలు టికెట్ కొని దాన్ని చూసి వస్తున్నారు. బెర్లిన్‌లో అయితే చక్కెర కోసమే 1904లో మ్యూజియం పెట్టారు. బీట్ దుంపలో చక్కెర ఉందని 1747లో మార్గ్రాఫ్ కనుక్కున్నది ఆ ఊళ్ళోనే మరి. శక్కర్‌నగర్‌లో ముందు కావలసింది మర ఆడడం, కార్మికులకు రావలసినవి రావడం. అందులో నాకు రెండో మాట లేదు. దాంతో పాటే ఒక కాంటా, ఒక పాత మర, ఆ బండ్ల బారు ఫోటోలు, ఆ కాకాలాంటి వాళ్ళ మాటలు ఒక గదిలో భద్రపరచాలి. తుక్కు కింద తూకం వేసి అమ్మేశాక వెతికినా దొరకవు.

బోధన్ చక్కెరకంటే చాలా పాతది. బౌద్ధ గ్రంథాల్లోని అస్మక జనపద రాజధాని పోదనం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఊరివాళ్ళు దీన్నే భారతంలోని ఏకచక్రపురమని నమ్ముతారు. భీముడు బకాసురుణ్ణి చంపిన చోటు చూపిస్తారు, చక్రేశ్వరాలయానికి తీసుకుపోతారు. కన్నడ ఆదికవి పంపడిని పోషించిన వేములవాడ చాళుక్యుల కథ కూడా ఈ ఊరితో ముడిపడి ఉంది. దేవల్ మసీదు నక్షత్రం ఆకారపు పీఠం మీద నిలిచింది. రాష్ట్రకూటుల నాటి జైన ఆలయం తుగ్లక్ కాలంలో మసీదు అయిందంటారు. లోపలి రాతి స్తంభాల చెక్కడాన్ని చేతితో తాకి, కాసేపు మాట్లాడకుండా నిలబడి రావాల్సిన చోటు.

తిరుగు దారిలో టైం ఉంటే అలీసాగర్ తోటలో కూర్చోండి. డిచ్‌పల్లిలో నల్లరాతి రామాలయం తప్పకుండా చూడండి. ఆ పక్కనే 1915లో స్కాట్లండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కలిసి పెట్టిన కుష్ఠు ఆస్పత్రి ఉంది. దానికి చేయూత ఇచ్చినవాడు ఇక్కడి రాజా నర్సాగౌడ్. ఊరు ఛీ కొట్టి తరిమిన రోగులకు మంచం, మందు, పని ఇచ్చిన నేల అది.

చివరికి కందకుర్తి. బోధన్ నుంచి రెంజల్ మీదుగా రోడ్డు. ఇక్కడే మంజీర గోదావరిలో కలుస్తుంది. మూడోది చిన్న ఏరు, దాని పేరు హరిద్ర. హరిద్ర అంటే పసుపే. నది మధ్యలో పాత శివాలయం, వాన ఎక్కువైన ఏడు మునిగిపోతుంది, నీళ్ళు తగ్గగానే రాతి గోడలతో మళ్ళీ కనిపిస్తుంది. నేను వెళ్ళిన సాయంత్రం ఒకామె మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, కొంగు ముడి విప్పి, గుప్పెడు పసుపు తీసి నీళ్ళ మీద చల్లింది. అది ఒక చారలా సాగి, గుడి గోడను ఒరుసుకుంటూ, మంజీర నీళ్ళతో పాటు గోదావరిలోకి పోయింది. ఆమె చెయ్యి కడుక్కుని, చెప్పులు చేత పట్టుకుని, ఆఖరి బస్సు కోసం గట్టెక్కింది.